ప్రత్యేక హాస్టలులో చేరవలెనా?
ప్రవక్తల శిష్యుల వసతినుండి ఒక పాఠము

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, 4:38–44, 6:1–7, దానియేలు 1, 2 అధ్యాయములు, ఆమోసు 7:14–15.



పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి జూను నెల దాటువరకు మన సంఘములలో ఇంటింట ఒక ప్రశ్న వినబడుచుండును: “పిల్లలను ఎక్కడ చేర్పించవలెను?” ఇప్పుడు దానికి మరియొక ప్రశ్న తోడైనది. ఏ కళాశాల అనునది మాత్రమే కాదు, ఆ కళాశాలలో ఏ ఇంట నివసింపవలెను అనునది కూడ తేల్చుకొనవలసి వచ్చుచున్నది. ఏలయనగా మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలను తక్కినవారినుండి వేరుచేసి, వారికొక ప్రత్యేక బ్యాచి, ఒక ప్రత్యేక హాస్టలు ఏర్పరచు పద్ధతి మన ప్రాంతమున బాగుగా పాతుకొనినది. అమెరికా దేశములో కూడ ఇట్టిది కలదు. 1922లో స్వార్త్‌మోర్ అను కళాశాలలో ఫ్రాంక్ ఐడెలట్ గారు ఆనర్స్ చదువును ప్రారంభించిరి. ఇప్పుడు అచ్చటి అనేక విశ్వవిద్యాలయములలో ఆనర్స్ విద్యార్థులకు వేరే వసతిగృహములున్నవి. అందుచేత పై చదువులకు వెళ్లిన మన యౌవనులు అక్కడనుండి కూడ ఈ ప్రశ్ననే అడుగుచుందురు.

దీనికి అందరికి సరిపడు ఒకే జవాబు లేదు. గాని జవాబు వెదకు మార్గమును వాక్యము మనకు చూపుచున్నది. ఈ నెల ఆ మార్గమును ధ్యానింతము.

1. ప్రశ్న ఎవరిది?

మన సంఘములలో తరచుగా కనబడు ఒక కుటుంబమును తలంచుకొందము. తండ్రి పాశమైలారములో కాంట్రాక్టు పనివాడు. ఒక వారము పగటి షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. తల్లి పత్తి ఏరుటకు, కలుపు తీయుటకు కూలికి పోవును. ఇద్దరు పిల్లలు. పెద్దది కూతురు, పది పరీక్షలో మండలమంతట చెప్పుకొనదగిన మార్కులు తెచ్చుకొన్నది. ఇంటికి మూడు పిలుపులు వచ్చినవి. నగరములోని ఒక ప్రైవేటు కళాశాల వారు “ప్రత్యేక బ్యాచిలో సీటు ఇత్తుము, ఫీజులో రాయితీ ఇత్తుము, అందరికి వేరుగా హాస్టలు” అనిరి. ప్రభుత్వ గురుకుల కళాశాలకు ప్రవేశ పరీక్ష వ్రాయుమని ఉపాధ్యాయుడు చెప్పెను. మేనత్త మాత్రము, “ఆడపిల్ల, ఎక్కడికో ఎందుకు? సంగారెడ్డికి బస్సున్నది గదా” అనెను.

ఆ తండ్రి ఎందుకు తొందరపడుచున్నాడో మనకు తెలియును. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక మందుల కర్మాగారములో జరిగిన పేలుడులో నలుబది మందికి పైగా పనివారు మరణించిరి. ఆ దినము మొదలుకొని “నా బిడ్డ ఈ గేటులోనికి రాకూడదు” అను మాట అనేక ఇండ్లలో వినుచున్నాము. మరియొక వైపున, కంది యొద్ద ఐ.ఐ.టి. కట్టడములు రోడ్డు మీదనుండియే కనబడుచున్నవి. 2008లో ఎద్దుమైలారమున తాత్కాలికముగా ప్రారంభమైన ఆ సంస్థ 2015లో కందికి వచ్చినది. మన పొలముల గట్టు ప్రక్కనే అంత పెద్ద చదువు జరుగుచుండగా, మన పిల్లలు దాని గోడ వెలుపలనే నిలిచిపోవలెనా అని తండ్రి తలంచుటలో తప్పు లేదు. కాబట్టి ఈ ప్రశ్న గొప్పల కొరకైనది కాదు. ఒక కుటుంబము తన బ్రదుకును ఎటు త్రిప్పుకొనవలెనో తేల్చుకొను ప్రశ్న ఇది.

2. ఇల్లు ఇరుకైనప్పుడు

పరిశుద్ధ గ్రంథములో విద్యార్థుల వసతిగూర్చి చదువగోరిన యెడల రాజుల రెండవ గ్రంథము తెరువవలెను. ఎలీషా యొద్ద ప్రవక్తల శిష్యులు కలసి నివసించుచుండిరి. ఆరవ అధ్యాయములో వారు గురువు నొద్దకు వచ్చి, తామున్న స్థలము ఇరుకైనదనియు, యొర్దాను నొద్దకు పోయి తలకొక దూలము నరికి తెచ్చి అచ్చట వసతి కట్టుకొందుమనియు మనవి చేసిరి. ఎలీషా వారిని గద్దింపలేదు, ఉన్నదానితో తృప్తిపడుడని చెప్పలేదు. వెళ్లుడనెను.

ఇందునుండి మొదటి పాఠము: ఇరుకుతనమును గుర్తించుట అవిశ్వాసము కాదు. ఒకే గది ఇంటిలో టీవీ మ్రోగుచుండగా, తమ్ముడు ఏడ్చుచుండగా, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించుచుండగా పిల్ల చదువుకొనుటకు చోటేది? నిశ్శబ్దము, దీపము, వేళకు భోజనము, సందేహము తీర్చు గురువు, తనవలె చదువుపై ఆసక్తిగల స్నేహితులు — ఈ అయిదును ఇచ్చునది మంచి హాస్టలు.

మన పెద్దలు దీనిని ఎరుగుదురు. “బోర్డింగులో చదివినాడు” అను మాట మన తెలంగాణ క్రైస్తవ కుటుంబములలో ఎంత గౌరవముతో పలుకబడునో తెలిసినదే. మిషను బోర్డింగులు లేనిచో మన తాతలలో అనేకులకు అక్షరములే అబ్బియుండవు. ఇతరులును ఈ మార్గమునే పట్టిరి. హైదరాబాదు కొత్వాలుగా నుండిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో 1918లో నగరమున రెడ్డి హాస్టలు వెలసి, పల్లెలనుండి వచ్చిన అనేక విద్యార్థులకు నీడయైనది.

ప్రభుత్వము కూడ ఈ బాటలోనే నడిచినది. 1971లో పి.వి. నరసింహారావు గారి పూనికతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామమున గురుకుల పాఠశాల తెరువబడెను. పల్లెలోని తెలివిగల బీద పిల్లలను ఒకచోట చేర్చి చదివించుట దాని ఉద్దేశము. 1980ల నడుమ సాంఘిక సంక్షేమ గురుకులములు వచ్చినవి. వాటి వెనుక ఎస్.ఆర్. శంకరన్ అను అధికారి శ్రమ ఉన్నది. పిమ్మట నవోదయ విద్యాలయములు వచ్చినవి. పాత మెదక్ జిల్లాకు వర్గల్ వద్ద ఒకటి ఏర్పడెను. 2008లో బాసరలో, నూజివీడులో, ఇడుపులపాయలో గ్రామీణ విద్యార్థుల కొరకు ఆరేండ్ల చదువుతో రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయము వచ్చెను. పటాన్‌చెరునుండి ఎంతో దూరము కాని గౌలిదొడ్డిలో సాంఘిక సంక్షేమ శాఖవారి ప్రతిభా కళాశాల కలదు. అందు పరీక్ష పెట్టి ఎన్నుకొన్న పిల్లలను వైద్య, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలకు సిద్ధపరచుదురు. 2016 మొదలుకొని ఆడపిల్లల కొరకు గురుకుల డిగ్రీ కళాశాలలు కూడ ఏర్పడినవి. మన జిల్లాలో బుధేరా యొద్ద ఒకటి ఉన్నది.

కాబట్టి ఎన్నుకొనబడిన పిల్లలు ఒక ఇంట కలసి చదువుటయే చెడ్డదని చెప్పరాదు. అయితే శిష్యులు తమ క్రొత్త వసతికి ఏమి కారణము చెప్పిరో గమనింపుడు. “తక్కినవారికంటె మేము గొప్పవారము” అనలేదు. “స్థలము చాలలేదు” అనిరి. మనము కూడ మన కారణమును పరీక్షించుకొందము. పిల్లకు చోటు కావలెనా, లేక ఊరిలో చెప్పుకొనుటకు మనకు పేరు కావలెనా?

3. ఎరవు తెచ్చిన గొడ్డలి

దూలము నరకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. వాడు అయ్యో అని మొఱ్ఱపెట్టెను. గొడ్డలి పోయినందుకు మాత్రమే కాదు, అది ఎరవు తెచ్చినదైనందుకు. క్రొత్త హాస్టలు కట్టు పనిలో ఒక బీద విద్యార్థి మొదట ఎదుర్కొన్న కష్టము అప్పు కష్టమే!

అదే గ్రంథము నాలుగవ అధ్యాయములో ఇంతకంటె బరువైన సంగతి ఉన్నది. శిష్యులలో ఒకడు అప్పుతో చనిపోగా, అప్పులవాడు వాని ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చెను. ఇంటివాని అప్పు పిల్లల మెడకు చుట్టుకొన్నది.

మన ప్రాంతములో రాయితీ అను మాట విని అనేకులు మోసపోవుచున్నారు. ట్యూషను ఫీజులో రాయితీ ఇచ్చి, హాస్టలు ఫీజు, పుస్తకముల రుసుము, యూనిఫారము, పరీక్షల రుసుము అని వేరు వేరుగా తీసికొనుట కలదు. కాబట్టి సంతకము పెట్టకముందు ఈ సంగతులు కాగితము మీద వ్రాయించుకొనవలెను. రెండు సంవత్సరములకు మొత్తము ఎంత? రాయితీ రెండవ సంవత్సరము కూడ ఉండునా? వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన యెడల పిల్లను క్రింది బ్యాచికి పంపుదురా? పంపినచో రాయితీ పోవునా? నడుమ మానుకొన్నచో కట్టిన సొమ్ములో ఎంత తిరిగి వచ్చును? అసలు సర్టిఫికెట్లు వెంటనే ఇత్తురా? గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) మన ఇండ్లలో ఇట్టి లెక్కగానే కనబడవలెను.

వడ్డీకి తెచ్చి కట్టవలసిన యెడల మరియొక లెక్క కూడ వేయవలెను. అక్క హాస్టలు కొరకు తమ్ముని చదువు ఆగునా? తమ్ముడు పదునారేండ్లకే కంపెనీ గేటు యొద్ద నిలువవలసి వచ్చునా? ఒక బిడ్డకు ఇచ్చిన మేలు మరియొక బిడ్డనుండి తీసికొనినది కాకూడదు. ఇట్టి ఇంటికి ప్రభుత్వ గురుకులము దేవుడిచ్చిన తలుపు. అచ్చట చదువు, భోజనము, వసతి ఉచితము. బస్సులో పోయి వచ్చు పిల్లల సంగతి కూడ నేడు మారినది. 2023 డిసెంబరు 9నుండి మన రాష్ట్రములో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడపిల్లలకు, స్త్రీలకు టికెట్టు రుసుము లేదు. “బస్సు ఖర్చు భరింపలేము, అందుచేత హాస్టలే గతి” అను మాట ఆడపిల్లల విషయములో ఇప్పుడు చెల్లదు. పోవు కాలమును, బస్సులోని రద్దీని మాత్రము లెక్కపెట్టుకొనవలెను.

4. కుండలో నున్నదానిని చూడవలెను

నాలుగవ అధ్యాయములోనే గిల్గాలు మెస్సు కథ ఉన్నది. దేశములో కరవుండెను. శిష్యుల కొరకు పెద్ద కుండ పొయ్యిమీద పెట్టిరి. ఒకడు పొలములోనికి పోయి, ఎరుగని తీగె కాయలు కోసి తెచ్చి, తరిగి కుండలో వేసెను. తినుచుండగా శిష్యులు కేకవేసిరి: ఈ కుండలో మరణమున్నదని. ఎలీషా పిండి తెప్పించి అందులో వేయగా ఆ కూర తినదగినదాయెను.

వంట చేసినవాడు ద్వేషముతో చేయలేదు; ఎరుగక చేసెను. అట్లే హాస్టలు నడుపువారు, పంపిన తల్లిదండ్రులు పిల్లల కీడు కోరరు. అయినను కొన్ని కుండలలో చెడ్డ కాయ పడుచున్నది. అది మొదట నిజమైన భోజనములోనే ఉండవచ్చును. 2022 జూను నెలలో బాసర విద్యార్థులు వేలకొలదిగా ఆరుబయట కూర్చుండి వసతి, భోజనము మొదలగు తమ కొరతలను ప్రభుత్వమునకు తెలిపిరి. మరుసటి నెలలో మెస్సు భోజనము తిని అనేకులు జబ్బుపడిరి. ఆ పిల్లలందరు పరీక్షలో ఎన్నికైనవారే. ఎన్నికైనంత మాత్రమున కుండ శుభ్రమగునని తలంపరాదు.

రెండవ కాయ కంటికి కనబడనిది. ప్రొద్దుట చీకటితో లేచి రాత్రి పొద్దుపోవువరకు చదువు. వారమువారము మార్కుల పట్టిక. నిన్న మొదట నుండినవాడు నేడు పదవవాడు. ఊరి బడిలో మొదటి స్థానమున నుండిన పిల్ల ప్రత్యేక బ్యాచిలో చేరగానే, జీవితములో మొదటిసారి తాను నలుబదవ స్థానమున నుండుట చూచును. తెలివి తగ్గలేదు, చుట్టును ఉన్నవారు మారిరి. గాని ఆ సంగతి ఆమెకు చెప్పువారు లేనియెడల “నేను పనికిరాను” అని తనలో తాను తీర్పు తీర్చుకొనును. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములలో తప్పులు దొర్లిన వేళ మన రాష్ట్రములో ఇరువదికి మించిన పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ దినములను మనము మరువరాదు. ఏ సీటును, ఏ ర్యాంకును ఒక బిడ్డ ప్రాణమునకు సరితూగదు. ఈ మాటను పిల్ల మన నోటనుండి, ఫలితములు రాకముందే, ఒకసారి కాదు అనేకసారులు వినవలెను.

ఆ శిష్యులు ఎట్లు బ్రదికిరి? కేకవేసిరి గనుక బ్రదికిరి. గురువు చేసినదని, కరవు కాలమని, నోరు మూసికొని తినలేదు. కాబట్టి హాస్టలును ఎంచుకొనునప్పుడు అన్నిటికంటె ముఖ్యముగా అడుగవలసినది ఇది: ఇచ్చట పిల్ల కేకవేయగలదా? వేసిన కేక మనకు వినబడునా? వారమునకు ఎన్నిసారులు ఇంటికి ఫోను చేయనిత్తురు? ఎవరును ప్రక్కన నిలువకుండ మాటలాడవచ్చునా? తల్లిదండ్రులు ఏ దినమున వచ్చి చూడవచ్చును? జ్వరము వచ్చినచో ఎవరు చూతురు? ఆదివారము ఆరాధనకు పోవుటకు సెలవు ఇత్తురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను కళాశాలలో పిల్లను ఉంచరాదు. మనస్సు కలతపడిన పిల్లలకును పెద్దలకును ప్రభుత్వము వారి టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలు రాత్రి దొరకును. ఆ నంబరును పిల్ల పుస్తకపు అట్ట లోపల వ్రాసి ఇయ్యుడి.

దానియేలు పది దినములు పరీక్షించి చూడుమని అడిగినట్లు (దానియేలు 1:12), మనము కూడ ఒక గడువు పెట్టుకొనవచ్చును. “దసరా సెలవులకు నీవు ఇంటికి వచ్చినప్పుడు కలసి కూర్చుండి మరల ఆలోచింతము, నీకు వద్దనిపించినచో సిగ్గు లేదు” అని చేర్చు దినముననే చెప్పుడి. తిరిగి వచ్చు త్రోవ తెరచియున్నదని ఎరిగిన పిల్ల ధైర్యముగా ముందుకు పోవును.

5. ఎన్నుకొనబడినవారు ఎవరి నిమిత్తము?

నెబుకద్నెజరు ఎన్నిక చేసిన యౌవనుల సంగతి దానియేలు మొదటి అధ్యాయములో ఉన్నది. రూపము, జ్ఞానము, తత్వము చూచి ఏర్పరచిరి. రాజు భోజనము, రాజు ద్రాక్షారసము, మూడేండ్ల చదువు, క్రొత్త పేళ్లు. ప్రపంచములోని ప్రత్యేక హాస్టళ్లన్నిటికి ఇది పాత నమూనా. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును అచ్చట చేరిరి, చదివిరి, మొదటివారుగా తేలిరి. తమ విశ్వాసమును పోగొట్టుకొనలేదు. వారు నలుగురు కలసి యుండుట గొప్ప బలము. రెండవ అధ్యాయములో ఆపద రాగానే దానియేలు తన ఇంటికి పోయి స్నేహితులకు చెప్పి కలసి ప్రార్థించెను.

గాని మనము సాధారణముగా దాటిపోవు వచనము ఒకటి ఉన్నది: 2:24. బబులోను జ్ఞానులనందరిని చంపుమని రాజు ఆజ్ఞ ఇచ్చియుండెను. కలభావము తెలిసిన పిమ్మట దానియేలు అర్యోకు నొద్దకు పోయి మొదట అడిగినది ఏది? ఆ జ్ఞానులను చంపవద్దని. వారు అతని మతము వారు కారు, అతని స్నేహితులు కారు, అతనికంటె తక్కువ అని తేలినవారు. వారి ప్రాణములు కాపాడుటకు అతడు తన ప్రతిభను వాడెను.

ప్రత్యేక హాస్టలు మంచిదో కాదో ఈ కొలతతో కొలువవచ్చును. అందు చేరిన పిల్ల రెండేండ్ల తరువాత ఊరికి వచ్చినప్పుడు, గవర్నమెంటు బడిలో తన ప్రక్కన కూర్చుండిన స్నేహితురాలితో ఎట్లు మాటలాడును? సెలవులలో తమ్మునికి, ప్రక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పునా? లేక “వాళ్లకేమి తెలియును” అనునా? నీకు కలిగినదానిలో ఇతరులనుండి పొందనిది ఏది అని పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్నను (1 కొరింథీ. 4:7) ఆమె పెట్టెలో సర్ది పంపుడి. మండలములో మొదటి మార్కు ఆమెదే; కాని ఆమెకు అ ఆలు దిద్దించిన అంగన్‌వాడి టీచరు, ఫీజు లేకుండ సాయంకాలము చెప్పిన ఉపాధ్యాయుడు, పత్తి చేనులో ఎండకు నిలిచిన తల్లి — వీరందరి చెమట ఆ మార్కులో ఉన్నది.

దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్య గారు 1912లో అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు ఆయనయే. పల్లె సేవకులను తరిఫీదు చేయునప్పుడు ఆయన వారి భార్యలకు కూడ చదువు నేర్పించిరి, చేతిపనిని చిన్నచూపు చూడనియ్యలేదు. చదువుకొన్నవాడు పల్లెకు పరాయివాడు కాకూడదని వారి కోరిక. చదువుకు ఊరు విడిచినవాడు హృదయములో ఊరిని విడువనక్కరలేదు.

6. దరఖాస్తులో సత్యము

హాస్టలు సీటునకు దరఖాస్తు నింపునప్పుడు మన కుటుంబములకు ఒక కలవరము కలుగును; దానిని దాచిపెట్టక మాటలాడుట మంచిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకు మాత్రమే ఉండెను, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడెను, క్రైస్తవులకు లేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో బి.సి. ‘సి’ వర్గములో చేర్చిరి. ఇది అన్యాయమని మనవారు చాలకాలముగా చెప్పుచున్నారు, చెప్పుట న్యాయమే. అయినను, పిల్ల చదువు మొదటి మెట్టు మీదనే “నీవు ఎవరవో దాచుము” అని మనము నేర్పినచో, రేపు ఆమెనుండి సత్యమును ఎట్లు కోరుదుము? గురుకులములలో బి.సి. వర్గములకును కొన్ని స్థానములున్నవి, వేరుగా బి.సి. గురుకులములు, మైనారిటీ గురుకులములు ఉన్నవి. దరఖాస్తు గడువునకు ముందుగానే మండల కార్యాలయమునకు పోయి సరియైన ధ్రువపత్రము తీసికొనుటకు సంఘపెద్దలు బీద కుటుంబములకు తోడు పోవలెను. తీర్పు చెప్పువారుగా కాక, తోడు నిలుచువారుగా పోవలెను.

7. ఆమోసు ఏ వసతిలోను ఉండలేదు

“వద్దు” అనుట కూడ దేవుని చిత్తము కావచ్చును. తాను ప్రవక్తల శిష్యుడను కానని, పశువుల కాపరినని, మేడిపండ్లు ఏరుకొనువాడనని ఆమోసు చెప్పెను. గిల్గాలు హాస్టలులో అతని పేరు లేదు. అయినను అతని గ్రంథము మన చేతిలో ఉన్నది. ఎలీషా అయితే దుక్కి దున్నుచుండగా పిలువబడి, ఏలీయా వెంట తిరిగి నేర్చుకొనెను.

ఇంటి యొద్దనుండి సంగారెడ్డి తారా ప్రభుత్వ కళాశాలకు గాని, పటాన్‌చెరు ప్రభుత్వ కళాశాలకు గాని పోయి చదువుకొను పిల్ల రెండవ రకము పిల్ల కాదు. కొందరు పిల్లలు తల్లి చేతి అన్నము తిని, తమ మంచముమీద పండుకొన్నప్పుడే బాగుగా చదువుదురు. కొన్ని ఇండ్లలో జబ్బుపడిన తల్లి ఉన్నది. కొన్ని ఇండ్లలో త్రాగుబోతు తండ్రి యెదుట చిన్న తమ్మునికి అక్కయే అండ. కాని ఇచ్చట ఒక హెచ్చరిక: అట్టి భారము పిల్ల భుజము మీదనే వేసి, దానిని దేవుని చిత్తమనుట న్యాయము కాదు. ఆ ఇంటిని సంఘము ఎత్తుకొన్నచో పిల్ల వెళ్లగలదేమో మొదట ఆలోచింపవలెను. “ఆడపిల్ల” అను ఒక్కమాటతో ఆపుట కూడ న్యాయము కాదు. అదే మార్కులు కుమారునికి వచ్చినచో పంపియుందుమా? పంపియుందుమన్న యెడల కుమార్తెను ఆపుటకు మన యొద్ద కారణము లేదు. భయము మాత్రమే ఉన్నది. భయమును తీర్చుకొనుటకు హాస్టలును పోయి చూడవచ్చును, వార్డెనుతో మాటలాడవచ్చును, అచ్చట చదువుచున్న పిల్లల తల్లులను కలిసికొనవచ్చును.

అన్నిటికంటె ముందు పిల్లను అడుగవలెను. శిష్యులే వసతి కావలెనని అడిగిరి. ఎలీషా వారికి దానిని అంటగట్టలేదు. వైద్యము చదువనొల్లని పిల్లను వైద్యపు బ్యాచిలో పెట్టిన యెడల ఎంత మంచి హాస్టలైనను అది చెరయే.

8. సంఘము చేయవలసినది

ఆరవ అధ్యాయములోని మూడవ వచనమును మరల చదువుడి. వెళ్లుడని ఎలీషా చెప్పిన పిమ్మట, ఒక శిష్యుడు “నీవును మాతో రమ్ము” అను భావముతో బ్రతిమాలగా, ఆయన వత్తుననెను, వారితో వెళ్లెను. అతడు అక్కడ నుండినందువలననే గొడ్డలి తేలినది. హాస్టలుకు పిల్లను పంపుట ఒకటి, పిల్లతో పోవుట ఒకటి. కాపరియు పెద్దలును తమ సంఘపు పిల్లలు ఏ హాస్టలులో ఉన్నారో పట్టిక వ్రాసికొని, నెలకొకసారైన ఒకరు పోయి చూచిరావలెను. హాస్టలుకు దగ్గరనున్న సంఘమునకు ముందుగా కబురు పంపినచో, ఆదివారము పిల్లను తీసికొనిపోయి మధ్యాహ్నము అన్నము పెట్టు కుటుంబము దొరకును.

ఇంటినుండి చదువుకొను పిల్లలకు కూడ మన యొద్ద ఇయ్యదగినది ఒకటి ఉన్నది. మన మందిరములు వారములో ఆరు దినములు తాళము వేసియుండును. లోపల దీపములున్నవి, ఫ్యాన్లున్నవి, బెంచీలున్నవి. సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు ఒక పెద్దమనిషి కాపలాతో తలుపు తెరచి, ఊరి పిల్లలందరిని, ఏ మతము వారినైనను, కూర్చుండి చదువుకొననిచ్చినచో, ఇల్లు ఇరుకైనవారికి చోటు దొరకినట్లే. డిగ్రీ చదివిన యౌవనులు వారమునకు రెండు సాయంకాలములు లెక్కలు, ఇంగ్లీషు చెప్పవచ్చును. తలకొక దూలము నరుకుట అనగా ఇదియే. అప్పులో నుండిన విధవరాలికి ఇరుగుపొరుగువారు ఇచ్చినది బంగారము కాదు, ఖాళీ పాత్రలు. అవి ఎన్ని ఉన్నవో అంత నూనె నిలిచెను. మన ఖాళీ మందిరము కూడ అట్టి పాత్రయే.

9. నిర్ణయించు వేళ

మొదట తలంచిన కుటుంబము ఏమి చేయవలెను? వారి స్థానమున మనము నిర్ణయింపలేము. గాని తండ్రి, తల్లి, కూతురు ఒక సాయంకాలము కూర్చుండి ఈ క్రమమున మాటలాడుకొనవచ్చును. గురుకుల పరీక్ష వ్రాయుటకు అప్పు అక్కరలేదు గనుక ముందు దానిని వ్రాయవచ్చును. ప్రైవేటు కళాశాలవారి మొత్తము లెక్కను కాగితము మీద తెప్పించుకొని, తమ్ముని చదువుతో ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. రెండు హాస్టళ్లను కన్నులార చూచి, అచ్చటి అన్నము తిని రావచ్చును. సంగారెడ్డి బస్సు త్రోవను ఒక వారము పోయి వచ్చి పరీక్షింపవచ్చును. పిమ్మట కూతురు తన మనస్సు చెప్పవలెను, తలిదండ్రులు నడుమ అడ్డుపడక వినవలెను. ఏ త్రోవ పట్టినను దసరాకు మరల కూర్చుండవలెను.

మన కూడికలలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు:

1. మన సంఘములో ఈ సంవత్సరము పదవ తరగతి దాటినవారు ఎందరు? వారిలో ఎవరి ఇల్లు “ఇరుకైనది”?

2. మన పిల్లలకొరకు మనము తెచ్చిన “ఎరవు గొడ్డలి” ఏది? దానిని ఎవరు తీర్చవలసి వచ్చును?

3. మన పిల్లలు మనయెదుట కేకవేయగలరా? వారి చివరి కేకకు మనము ఇచ్చిన జవాబు ఏమి?

4. చదువులో ముందున్న మన పిల్ల, వెనుకనున్న ఎవరి కొరకు దానియేలువలె మాటలాడగలదు?

5. మన మందిరపు తలుపును ఏ దినమునుండి సాయంకాలము తెరువగలము? తాళపు చెవి ఎవరి యొద్ద ఉండవలెను?

ప్రార్థనాంశము: హాస్టళ్లలో నున్న మన పిల్లల కొరకు, వారికి అన్నము వండువారి కొరకు, వార్డెనుల కొరకు, రాత్రి షిఫ్టులో నిలిచి ఆ పిల్లల ఫీజు సంపాదించుచున్న తలిదండ్రుల కొరకు ఈ నెల ప్రతి ఆదివారము ప్రార్థింతము. మరియు పేరు పేరున ప్రార్థించుటకు వీలగునట్లు, ఆ పిల్లల పేళ్లను వచ్చే ఆదివారమే వ్రాసికొందము.